గడ్డి కింద జరిగే పని: ఫుట్‌బాల్ క్లబ్బుల ట్రైనింగ్ పిచ్‌లు ఎలా కడతారు, ఎలా కాపాడుకుంటారు

ఇంగ్లండ్‌లోని ప్రీమియర్ లీగ్ మ్యాచ్ టీవీలో చూసేటప్పుడు మన కంటికి ముందు ఆనేది స్టేడియంలోని పచ్చిక. లీగ్‌లో ఒక జట్టు సొంత స్టేడియంలో ఆడే మ్యాచ్‌లు సీజన్‌కు 19. కప్పు పోటీలు, యూరప్ మ్యాచ్‌లు కలుపుకున్నా ముప్ఫై దాటడం అరుదు. అవే ఆటగాళ్లు మిగతా రోజుల్లో పరుగెత్తేది, పడేది, లేచేది ఊరి శివార్లలో ఉండే ట్రైనింగ్ గ్రౌండ్ మీద. సీజన్ మొత్తంలో వాళ్ల కాళ్లు గడ్డి మీద గడిపే సమయంలో పెద్ద వాటా దానిదే. మోకాళ్లు, మడమలు అలవాటు పడేది దాని గట్టిదనానికే. పాస్ ఎంత బలంగా కొట్టాలో కాలు నేర్చుకునేదీ అక్కడే.

అందుకే డబ్బున్న క్లబ్బులు ఈ పిచ్‌ల మీద స్టేడియం మీద పెట్టినంత శ్రద్ధ పెడుతున్నాయి. లెస్టర్ సిటీ 2020 డిసెంబరులో సీగ్రేవ్ అనే పల్లె దగ్గర కట్టుకున్న కొత్త ట్రైనింగ్ సెంటర్‌కి మారింది. పాత గోల్ఫ్ కోర్సు ఉన్న చోట, 185 ఎకరాలు. అందులో ఆడుకునే స్థలాలు 21, వాటిలో పూర్తి కొలత పిచ్‌లు 14. గ్రౌండ్ స్టాఫ్‌కు శిక్షణ ఇవ్వడానికి ఒక టర్ఫ్ అకాడమీ కూడా అక్కడే పెట్టారు. మాంచెస్టర్ సిటీ 2014 డిసెంబరులో తెరిచిన అకాడమీ 80 ఎకరాల్లో ఉంది. అక్కడ పిచ్‌లు పదహారున్నర. ఆ అర పిచ్ గోల్‌కీపర్ల సాధన కోసం. ఆ స్థలంలో ఒకప్పుడు క్లేటన్ అనిలీన్ అనే రంగుల రసాయనాల ఫ్యాక్టరీ ఉండేది. కలుషితమైన ఆ నేలను బాగుచేశాకే గడ్డి సంగతి ఆలోచించగలిగారు.

ఒక క్లబ్బుకు పద్నాలుగు పిచ్‌లు దేనికి? అకాడమీ పిల్లలు, మహిళల జట్టు, రిజర్వ్ జట్టు ఉన్నారు కాబట్టి అని చెప్పుకోవచ్చు. అది సగం జవాబే. మిగతా సగం ఏమిటంటే, వాటిలో ఏ రోజైనా కొన్ని ఖాళీగా పడి ఉండాలి. గడ్డి ప్రాణమున్నది, తొక్కితే గాయపడుతుంది, కోలుకోవడానికి దానికి రోజులు పడతాయి. పిచ్ కట్టడం, కాపాడటం అన్న మొత్తం వ్యవహారం రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. వాన నీళ్లు ఎంత త్వరగా కిందికి దిగుతాయి? వారానికి ఎన్ని గంటలు దాన్ని తొక్కనివ్వాలి? మొదటిది కట్టేటప్పుడే తేలిపోతుంది. రెండోది ప్రతి సోమవారం పొద్దున మళ్లీ తేల్చుకోవాలి.

నీళ్ల దారి

గడ్డి వేరుకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. రెండూ దొరికేది మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో. ఒండ్రు, బంకమట్టి ఎక్కువున్న నేలలో ఆ ఖాళీలు చాలా సన్నగా ఉంటాయి. తడిగా ఉన్నప్పుడు ఇరవై రెండు మంది స్టడ్ బూట్లతో (అడుగున బొడిపెలున్న బూట్లు) తొక్కితే అవి మూసుకుపోతాయి. వరి మడిని దమ్ము చేసి మనం కోరి తెచ్చుకునే స్థితి ఇదే: నీళ్లు కిందికి ఇంకకుండా పైనే నిలవాలి. వరికి అది కావాలి. ఫుట్‌బాల్ పచ్చికకు అదే చావు. గాలి అందక వేరు పైపైనే ఆగిపోతుంది. పైపైన ఉన్న వేరు ఒక్క టాకిల్‌కే (బంతి లాక్కోవడానికి ఆటగాడు అడ్డంగా కాలు పెట్టడం) ఊడి వస్తుంది. గడ్డి ఊడిన చోట బురద, బురద మీద ఇంకా నీళ్లు. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో జనవరి నెల మ్యాచ్‌లు చూస్తే గోల్ ముందు భాగమంతా గోధుమరంగులో ఉండేది ఇందుకే.

దీనికి విరుగుడు ఇసుక. కానీ ఉన్న మట్టి మీద ఇసుక పోస్తే సరిపోదు. ఇప్పుడు మంచి పిచ్ కట్టే పద్ధతికి మూలం గోల్ఫ్. అమెరికాలోని గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ 1960లో గ్రీన్ల (గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) నిర్మాణానికి ఒక నమూనా ప్రచురించింది. కింద కంకర పొర, దాని మీద 30 సెంటీమీటర్ల ఇసుక. ఫుట్‌బాల్‌కు తగ్గట్టు మార్పులు చేసుకుంటూ ఇవాళ్టికీ అదే వాడుతున్నారు.

కట్టే వరుస ఇలా ఉంటుంది. ముందు పైమట్టి తీసేసి అడుగు నేలను లేజర్ లెవెల్ పెట్టి చదును చేస్తారు. అందులో కొన్ని మీటర్లకు ఒకటి చొప్పున కాలువలు తవ్వి, చిల్లుల ప్లాస్టిక్ పైపులు పరిచి, చుట్టూ కంకర పోస్తారు. ఈ పిల్ల పైపులన్నీ పిచ్ అంచున ఉన్న పెద్ద పైపులో కలుస్తాయి. దాని మీద మొత్తం విస్తీర్ణంలో 10 నుంచి 15 సెంటీమీటర్ల కంకర. ఆ పైన 25 నుంచి 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం, వేర్లు ఉండేది ఇందులోనే. పిచ్ అసలు కొలత 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. చుట్టూ వదిలే అంచులు కలిపి సుమారు 8,000 చదరపు మీటర్లు అనుకుందాం. 30 సెంటీమీటర్ల లోతంటే 2,400 ఘనపు మీటర్ల ఇసుక, బరువులో నాలుగు వేల టన్నులకు దగ్గర. ఒక్క పిచ్‌కు. పద్నాలుగు పిచ్‌ల క్లబ్బులు కూడా అన్నీ ఇంత ఖర్చుతో కట్టకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. పెద్దల జట్టు వాడే వాటికి పూర్తి నిర్మాణం, చిన్న పిల్లల పిచ్‌లకు సొంత మట్టిలోనే పైపులు, ఇసుక కాలువలు అన్నట్టు పంచుకుంటారు.

ఇందులో నాకు అన్నిటికన్నా అందంగా అనిపించేది ఇసుకా కంకరా కలిసే చోట జరిగే సంగతి. కంకరలో ఖాళీలు పెద్దవి కాబట్టి నీళ్లు సర్రున దిగిపోతాయని అనుకుంటాం. అలా జరగదు. ఇసుకలోని సన్నటి ఖాళీలు నీటిని గట్టిగా పట్టుకుంటాయి. కంకరలోని పెద్ద ఖాళీలకు దాన్ని కిందికి లాగే శక్తి లేదు. కాబట్టి పై నుంచి వచ్చిన నీరు సరిహద్దు దగ్గర ఆగుతుంది. పైన ఇంకా నీరు చేరి, ఆ బరువు ఇసుక పట్టును మించినప్పుడు మాత్రమే కంకరలోకి జారుతుంది. అంటే భారీ వాన పడితే ఎక్కువైన నీళ్లన్నీ పోతాయి. వాన వెలిశాక ఇసుక అడుగున కొంత తడి నిలిచిపోయి, రోజుల తరబడి వేర్లకు అందుతుంది. వరద వచ్చినా, బెట్ట వచ్చినా ఒకే నిర్మాణం కాపాడుతుంది.

ఇది పనిచేయాలంటే ఇసుక లోతు పిచ్ అంతటా ఒకేలా ఉండాలి. ఒక చోట 15 సెంటీమీటర్లే ఉంటే అడుగున నిలిచే తడి పైదాకా వచ్చి ఆ భాగం ఎప్పుడూ చిత్తడిగా ఉంటుంది. ఇంకో చోట 45 ఉంటే పైభాగం ఎండిపోతుంది. పైన చూస్తే బల్లపరుపుగా కనిపించే పిచ్ మీద అక్కడక్కడా పసుపు మచ్చలు వస్తున్నాయంటే, చాలాసార్లు తప్పు అడుగు పొరను చదును చేసిన రోజునే జరిగి ఉంటుంది. అందుకే కంకర పొర ఒంపులు పై పొర ఒంపులతో కచ్చితంగా సరిపోవాలి. కంకర సైజు కూడా ఇసుకకు తగ్గట్టు ఉండాలి. మరీ పెద్ద కంకరైతే ఇసుక అందులోకి జారిపోతుంది. అలాంటప్పుడు మధ్యలో ముతక ఇసుకతో ఒక పలచటి పొర వేయాల్సి వస్తుంది.

ఇసుక ఎంపిక ల్యాబ్‌లో జరుగుతుంది. రేణువుల్లో ఎక్కువ భాగం అర మిల్లీమీటరుకూ పావు మిల్లీమీటరుకూ మధ్య ఉండాలి. సన్నటి ధూళి బాగా తక్కువ ఉండాలి. ఆ ధూళి కొద్దిగా పెరిగినా ఖాళీలు నిండిపోయి, ఖర్చు పెట్టి కొన్న ఇసుక మట్టిలా ప్రవర్తిస్తుంది. నమూనా పాసైతే చాలదు. వచ్చే లారీలన్నిటినీ గమనించుకోవాలి.

ఇసుకను నిలబెట్టే కుట్టు

ఒకే సైజు ఇసుకతో నీళ్ల సమస్య తీరుతుంది, కానీ కాలికి పట్టు తగ్గుతుంది. బీచ్‌లో పరుగెత్తి చూసినవాళ్లందరికీ ఇది తెలుసు. గడ్డి వేర్లు అల్లుకుంటే ఇసుక నిలబడుతుంది. కానీ శీతాకాలంలో గడ్డి పెరుగుదల ఆగినప్పుడు వేర్లు తెగుతాయే తప్ప కొత్తవి రావు. ఈ చిక్కుకు 1990ల్లో ఐరోపాలో వచ్చిన పరిష్కారం హైబ్రిడ్ పిచ్. పెద్ద కుట్టు యంత్రం ఒకటి పిచ్ మీద నెమ్మదిగా కదులుతూ ప్లాస్టిక్ దారాలను ఇసుకలోకి దాదాపు 20 సెంటీమీటర్ల లోతుకు దించుతుంది. పైకి 2 సెంటీమీటర్లు కనిపిస్తాయి. కుట్టుకూ కుట్టుకూ మధ్య దూరం 2 సెంటీమీటర్లు. అంటే చదరపు మీటరుకు 2,500 కుట్లు, పిచ్ అంతటికీ రెండు కోట్లు. ఇంత కుట్టినా పై భాగంలో ప్లాస్టిక్ వాటా మూడు శాతం దగ్గరే, మిగతా అంతా ప్రాణమున్న గడ్డి. వేర్లు ఆ దారాలను చుట్టుకుని కిందికి దిగుతాయి. టాకిల్‌లో గడ్డి పోచ చిరిగినా నేల పెకిలి రాదు.

లండన్‌లో కొత్త వెంబ్లీ స్టేడియం ఉదాహరణ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2007లో తెరిచాక మూడేళ్లలో దాదాపు పదిసార్లు గడ్డి మార్చారు. మ్యాచ్‌లతో పాటు కచేరీలు, ఇతర కార్యక్రమాలు కూడా అక్కడే జరిగేవి, పైగా చుట్టూ ఎత్తైన స్టాండ్ల నీడ. 2010లో కుట్టిన హైబ్రిడ్ పిచ్ వేశాకే ఆ తలనొప్పి తగ్గింది. ఇప్పుడు పెద్ద క్లబ్బుల ట్రైనింగ్ గ్రౌండ్లలో మొదటి జట్టు వాడే పిచ్‌లు కూడా ఇలాగే ఉంటున్నాయి.

దీనికి కారణం కేవలం మన్నిక అనుకోవద్దు. శనివారం మ్యాచ్ ఆడే పిచ్ ఎంత గట్టిగా, ఎంత వేగంగా ఉంటుందో మంగళవారం ప్రాక్టీస్ పిచ్ కూడా అలాగే ఉండాలని కోచ్‌లు పట్టుబడతారు. మెత్తటి నేలకు అలవాటైన కండరం ఒక్కసారిగా గట్టి నేల మీద పూర్తి వేగంతో పరుగెడితే ఇబ్బంది పడుతుంది. గట్టి నేల నుంచి మెత్తటి నేలకు వెళ్లినా అంతే. కాబట్టి కొలతలు తీస్తారు. క్లెగ్ హ్యామర్ అనే పరికరం ఉంది, అసలు ఆస్ట్రేలియాలో రోడ్డు పునాదుల గట్టిదనం చూడటానికి 1970ల్లో తయారైంది. 2.25 కిలోల బరువును 45 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గొట్టంలో వదిలితే, నేలకు తగిలి ఎంత ఒక్కసారిగా ఆగిందో అంకె చూపిస్తుంది. పిచ్ మీద చాలా చోట్ల ఇలా కొట్టి చూసి, స్టేడియం అంకెలతో పోలుస్తారు. స్టడ్ బూటు అడుగు అమర్చిన ఇంకో పరికరాన్ని తిప్పి, ఎంత బలానికి పట్టు వదులుతుందో చూస్తారు. పట్టు తక్కువైతే జారతారు. మరీ ఎక్కువైతే పాదం నేలలో ఇరుక్కుపోయి మోకాలు తిరుగుతుంది. రెండో ప్రమాదం గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు నాకు పెద్దగా కనిపించరు.

ఏ గడ్డి?

ఇంగ్లండ్ లాంటి చల్లటి దేశాల్లో పిచ్‌ల మీద ఎక్కువగా ఉండేది పెరెన్నియల్ రైగ్రాస్. విత్తితే వారం, పది రోజుల్లో మొలుస్తుంది, తొక్కుడుకు ఓర్చుకుంటుంది. దానితో పాటు కొన్నిచోట్ల కెంటకీ బ్లూగ్రాస్ కలుపుతారు. అది మొలవడానికి రెండు, మూడు వారాలు తీసుకుంటుంది కానీ నేల లోపల అడ్డంగా పాకి ఖాళీలు పూడుస్తుంది. గ్రౌండ్స్‌మన్‌కు నిత్యం పోరు పోవా యాన్యువా అనే కలుపు గడ్డితో. చూడటానికి పచ్చగానే ఉంటుంది, వేరు మాత్రం పైపైన. దాని మీద కాలు మోపి తిరిగితే చాపలా లేచి వస్తుంది.

తెగుళ్లలో ఒకటి మన రైతులకు పరిచయమైనదే. వరిలో అగ్గితెగులు తెచ్చే పైరిక్యులేరియా శిలీంధ్రంలోనే మరో రకం రైగ్రాస్‌కు గ్రే లీఫ్ స్పాట్ తెస్తుంది. వేడి, తేమ కలిసిన వేసవిలో కొద్ది రోజుల్లో పిచ్‌ను తినేస్తుంది, ముఖ్యంగా కొత్తగా మొలిచిన లేత గడ్డిని. చల్లటి తడి రోజుల్లో వచ్చేది మైక్రోడోకియం అనే మరో మచ్చ తెగులు. పొద్దున్నే గడ్డి మీద మంచు బిందువులను బ్రష్‌తోనో తాడుతోనో దులిపేసే పని గ్రౌండ్ స్టాఫ్ రోజూ చేసేది ఇందుకే. ఆకు ఎంత ఎక్కువసేపు తడిగా ఉంటే తెగులు అంత తేలికగా అంటుకుంటుంది. ఇంతకంటే చవకైన మందు లేదు.

ఒక వారం ఎలా గడుస్తుంది

ట్రైనింగ్ పిచ్‌కు స్టేడియం పిచ్ కన్నా ఒక సుఖం ఉంది: చుట్టూ స్టాండ్లు లేవు, ఎండా గాలీ ధారాళంగా తగులుతాయి. స్టేడియంలో నెలల తరబడి చక్రాల మీద తిరిగే దీపాలు పెట్టి గడ్డిని పెంచాల్సి వస్తుంది. ఇక్కడ ఆ అవసరం తక్కువ. కష్టమల్లా తొక్కుడుతోనే. స్టేడియంలో వారానికో పదిహేను రోజులకో గంటన్నర ఆట. ఇక్కడ రోజూ.

ఆ తొక్కుడు కూడా పిచ్ అంతా సమానంగా పడదు. చిన్న గడిలో ఆరుగురు, ఏడుగురు చుట్టూ నిలబడి మధ్యలో ఇద్దరిని ఉంచి పాస్‌లు ఆడే కసరత్తు ఉంటుంది. పది మీటర్ల చదరంలో ఇరవై నిమిషాలు ఆడితే అక్కడి గడ్డికి ఒక మ్యాచ్ మొత్తంలో పడనంత దెబ్బ తగులుతుంది. గోల్‌కీపర్ల సాధన ఇంకా దారుణం, ఒకే చోట వందల సార్లు దూకుతారు. మాంచెస్టర్ సిటీ గోల్‌కీపర్ల కోసం విడిగా అర పిచ్ ఎందుకు కేటాయించిందో ఇప్పుడు అర్థమవుతుంది. అందుకే గోల్ పోస్టులు చక్రాల మీద ఉంటాయి. ఇవాళ ఇక్కడ, రేపు ముప్ఫై మీటర్ల అవతల, ఎల్లుండి అడ్డంగా. గ్రౌండ్స్‌మన్, కోచ్ కలిసి ఏ రోజు ఏ కసరత్తు ఏ పిచ్ మీద, ఏ మూలన అని ముందే గీసుకుంటారు. మంచి క్లబ్బుల్లో ఈ చార్టుకు ఆటగాళ్ల టైమ్‌టేబుల్‌కు ఉన్నంత విలువ ఉంటుంది.

ప్రాక్టీస్ అయిపోగానే మనుషులు చేతి ఫోర్కులతో దిగుతారు. లేచిన ముక్కలను కాలితో నొక్కి, కుంగిన చోట ఫోర్కు గుచ్చి లేపి, ఖాళీల్లో ఇసుకా విత్తనం కలిపి పోస్తారు. తర్వాత గాలితో పీల్చే రోటరీ మోవర్ (గడ్డి కోసే యంత్రం) నడిపి చెత్తంతా తీసేస్తారు. ఊడిన పోచలు అక్కడే కుళ్లితే అది మళ్లీ తెగులుకు ఆహారం, నీళ్ల దారికి అడ్డం. కోత వారానికి మూడు, నాలుగు సార్లు. ఎత్తు 22 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య. ఒక్క కోతలో పోచ ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదన్నది అందరూ పాటించే నియమం. ఎక్కువ తీస్తే గడ్డి వేర్ల పెరుగుదల ఆపేసి ఆకు పెంచుకోవడానికే శక్తంతా పెడుతుంది. కెమెరాకు అందంగా కనిపించే ముదురు, లేత చారలు రోలర్ ఉన్న మోవర్ ఒకసారి అటు, ఒకసారి ఇటు పోచలను వంచడం వల్ల వచ్చేవి. పిచ్ ఆరోగ్యం గురించి అవి ఏమీ చెప్పవు.

ఇసుక ఎరువును నిలుపుకోదు. పొలంలో వేసినట్టు ఒక్కసారి యూరియా చల్లితే వానకు కొట్టుకుపోతుంది. కాబట్టి కొద్దికొద్దిగా, వారానికో పది రోజులకో ఒకసారి, చాలావరకు పిచికారీగా. నత్రజని ఎక్కువైతే గడ్డి పచ్చగా, మెత్తగా పెరిగి తెగులుకు లొంగిపోతుంది. తక్కువైతే దెబ్బ నుంచి కోలుకోదు. పొటాష్, ఇనుము, సముద్రపు నాచు ద్రావణం వాతావరణం చూసి కలుపుతారు. నీళ్లకూ ఇదే లెక్క. ఒక మిల్లీమీటరు తడపాలంటే 8,000 చదరపు మీటర్ల పిచ్‌కు 8,000 లీటర్లు. తేమ కొలిచే చిన్న ప్రోబ్‌ను అక్కడక్కడా గుచ్చి చూసి, ఎండిన మూలకే చేతి పైపుతో పెడతారు. ప్రాక్టీస్‌కు ముందు బంతి వేగంగా జారడానికి చల్లే నీళ్లు వేరే లెక్క. అవి గడ్డి కోసం కాదు, కోచ్ కోసం.

పై నుంచి తొక్కుడు పడి పడి ఇసుక కూడా బిగుసుకుంటుంది. దాన్ని వదులు చేయడానికి ట్రాక్టర్ వెనక పొడుగాటి చువ్వల యంత్రం తగిలిస్తారు. చువ్వ 20 సెంటీమీటర్ల లోతుకు, అవసరమైతే ఇంకా కిందికి దిగి, బయటికి వచ్చేముందు కొంచెం వంగి నేలను లోపలి నుంచి ఎత్తుతుంది. పైన చిన్న రంధ్రం తప్ప ఏమీ కనిపించదు. లోపల మాత్రం కొత్త గాలి దారులు ఏర్పడతాయి. మన రైతులు దుక్కికి పదును చూసుకున్నట్టే దీనికీ చూసుకోవాలి. తడి ఎక్కువుంటే రంధ్రం గోడలు నున్నగా మూసుకుపోతాయి, మరీ ఎండితే పై పొర పగులుతుంది.

శీతాకాలంలో ఇంకో పని ఉంది. నేల గడ్డకడితే ప్రాక్టీస్ రద్దు. ప్రీమియర్ లీగ్ స్టేడియాల్లో నేల కింద వేడి నీళ్ల పైపులు తప్పనిసరి. ట్రైనింగ్ గ్రౌండ్‌లో అన్నిటికీ పెట్టలేరు కనుక ఒకటి, రెండు పిచ్‌లకు పెట్టుకుంటారు. ఆ వేడి మంచును కరిగించడానికే సరిపోతుంది. వెలుతురు లేనప్పుడు నేలను అనవసరంగా వెచ్చబెడితే గడ్డి తన నిల్వలు ఖర్చు చేసుకుని నీరసిస్తుంది.

మే నెల

సీజన్ మే నెలాఖరుకు అయిపోతుంది. ఆటగాళ్లు జులై మొదట్లో తిరిగొస్తారు. మధ్యలో ఉన్న ఐదారు వారాల్లో పిచ్‌ను గోకి మళ్లీ మొలిపించాలి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌కు చెందిన కో రోడెన్‌బర్గ్ ఆలోచనతో వచ్చిన యంత్రాన్ని ఇందుకు వాడతారు. వేగంగా తిరిగే బ్లేడ్లు పై పొరను కొన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు దాకా గీరి, కన్వేయర్ మీదుగా పక్కన నడిచే ట్రాలీలో పోస్తాయి. ఆరోగ్యంగా కనిపిస్తున్న గడ్డిని కూడా తీసేస్తారు. మొదటిసారి చూసినవాళ్లకు ఇది విధ్వంసంలా అనిపిస్తుంది. కానీ ఆ పొరలోనే ఏడాదంతా పోగైన కుళ్లిన పదార్థం, పోవా కలుపు, దాని విత్తనాలు, తెగుళ్ల బీజాలు ఉంటాయి. దాన్ని వదిలేస్తే ఇసుక రంధ్రాలు ఏడాదికింత పూడుకుపోతాయి. కొత్తగా కట్టినప్పుడు గంటకు 150 మిల్లీమీటర్ల పైగా వాన తాగిన పిచ్ కొన్నేళ్లలో అందులో చిన్న భాగం కూడా తాగలేకపోతుంది. హైబ్రిడ్ పిచ్‌లో యంత్రం గడ్డిని తీస్తుంది, దారాలు అలాగే నిలబడి ఉంటాయి.

తర్వాత గాలి రంధ్రాలు, కొత్త ఇసుక ఒక పలచటి పొర, విత్తనం, ఎరువు. మొలకెత్తే దాకా రోజుకు నాలుగైదు సార్లు తేలికగా తడపడం. వారం తిరిగేసరికి పచ్చటి నూగు. ఆరు వారాలకు ఆడటానికి వస్తుంది. ఆ ఆరు వారాల్లో ఎండ మండినా, జల్లు పడి విత్తనం కొట్టుకుపోయినా రెండో అవకాశం లేదు. గ్రౌండ్ స్టాఫ్‌కు అసలు టెన్షన్ సీజన్‌లో కన్నా ఈ నెలలోనే ఎక్కువ.

మన నేల మీద

సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆయన హైదరాబాద్ మనిషి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021–22 ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. అనంతపురంలో ఆర్‌డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. ఆట మన దగ్గర ఉంది. దానికి తగిన నేల తక్కువ.

ఇంగ్లండ్ పద్ధతిని అచ్చంగా తెచ్చి దించితే మాత్రం పనికిరాదు. రైగ్రాస్ మన వేసవికి నిలవదు. మనకు కావలసిన గడ్డి మన గట్ల మీదే ఉంది. క్రీడా మైదానాల్లో బెర్ముడా అని పిలిచేది మన గరికే, శాస్త్రీయ నామం సైనొడాన్ డాక్టిలాన్. దాన్ని ఆఫ్రికా జాతితో సంకరం చేసి అమెరికాలోని జార్జియాలో తయారుచేసిన రకాలు ప్రపంచమంతా పిచ్‌ల మీద వాడుతున్నారు. పాకి పాకి అల్లుకుంటుంది, గాయం తనే పూడ్చుకుంటుంది, 30 డిగ్రీలు దాటిన ఎండలో ఉషారుగా పెరుగుతుంది. దానికి పడనిది నీడ. చుట్టూ ఎత్తైన భవనాలున్న చోట బతకదు.

నీళ్ల లెక్క మాత్రం మనకు రెండు వైపులా కష్టం. గంటలో 50 మిల్లీమీటర్ల వాన హైదరాబాద్‌లో వింత కాదు. ఒక పిచ్ మీద అది నాలుగు లక్షల లీటర్లు. మే నెలలో గడ్డి, నేల కలిసి రోజుకు ఆరు మిల్లీమీటర్లు ఆవిరి చేస్తాయనుకుంటే 48,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు పది. వానాకాలంలో పైపుల నుంచి వచ్చే నీటిని మురుగు కాలువలోకి వదిలేయకుండా పక్కనే చెరువులా నిల్వ చేసుకోవడం ఐరోపా క్లబ్బులకు మంచి అలవాటు, మనకు తప్పనిసరి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే ఇసుకలో అది పేరుకుంటుంది. కట్టేముందే నీటి పరీక్ష చేయించాలి. నల్లరేగడి అయితే తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారి, కింద వేసిన పైపుల వాలునే మార్చేస్తుంది. అలాంటి చోట అడుగున మట్టినీ కంకరనూ విడదీసే వస్త్రం పరచకుండా, కొంత లోతు మట్టి మార్చకుండా కంకర పోయడం డబ్బు దండగ. రాయి పగలగొట్టి చేసిన ఇసుక చౌకగా దొరుకుతుంది కానీ అందులో ధూళి ఎక్కువ, రేణువుల అంచులు కోసుగా ఉండి బిగుసుకుపోతాయి. కడిగి, జల్లెడ పట్టి, పరీక్ష చేయించకుండా వేర్ల పొరలో వాడకూడదు.

కాలేజీ గ్రౌండ్‌కో, చిన్న అకాడమీకో నాలుగు వేల టన్నుల ఇసుక అందని మాట. అలాంటివాళ్లు పూర్తి నిర్మాణం జోలికి పోకుండానే చాలా చేయగలరు. మధ్యలో కొంచెం ఎత్తు, అంచులకు నూటికి ఒకటి వాలు ఇవ్వాలి. బయటి నీళ్లు లోపలికి రాకుండా చుట్టూ కాలువ తవ్వాలి. నీళ్లు నిలిచే చోట్ల సన్నటి కాలువలు కోసి కంకర, పైన ఇసుక నింపాలి. ప్రతి ఏడాదీ వానలకు ముందు రంధ్రాలు కొట్టి, ఒక పలచటి పొర మంచి ఇసుక చల్లుతూ పోతే నాలుగైదేళ్లలో పై భాగం మారుతుంది. ఫ్లడ్‌లైట్లు, గ్యాలరీ రంగులు తర్వాత చూసుకోవచ్చు. బడ్జెట్‌లో ముందుగా కోత పడేది మాత్రం నేల కింద ఉండి ఎవరికీ కనిపించని పైపులకే. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి, ఎందుకంటే ఒకసారి గడ్డి పరిచాక వాటిని సరిచేయాలంటే మొత్తం తవ్వాల్సిందే.

మరో పని డబ్బుతో సంబంధం లేనిది. కొన్ని రోజులు గ్రౌండ్ మూసేసే అధికారం గ్రౌండ్స్‌మన్‌కు ఇవ్వాలి. రాత్రి వాన పడింది, పొద్దున్నే వంద మంది పిల్లలు వచ్చారు, ఫీజు కట్టిన తల్లిదండ్రులు చూస్తున్నారు. కోచ్ అయినా, యజమాని అయినా ఆ ఒత్తిడికి ‘ఆడనివ్వండి’ అంటారు. ఆ ఒక్క గంటలో దెబ్బతిన్న నేల కోలుకోవడానికి నెల పట్టవచ్చు. వేలితో నొక్కితే నీళ్లు పైకి వస్తున్నాయా, అడుగు వేస్తే గుంట పడుతోందా అన్నది చూసి, ఆ రోజు పరుగులూ కసరత్తులూ పక్కనున్న రోడ్డు మీదకో వ్యాయామ హాల్లోకో మార్చమని చెప్పగల మనిషి ఒకరు ఉండాలి, ఆయన మాట ఆ రోజుకు చెల్లాలి.